పడవ పొట్ట మీద గీతలు

"మునిగిపోయింది, లహ్తీ గారూ. మీరు ఎంతసేపు నిమిరినా పడవ నోరు తెరిచి చెప్పదు," అంది కాలిస్టా బ్రాండ్ట్ నా తల మీదుగా.

నేను లేవలేదు. కెటిల్ సరస్సు ఒడ్డున రాళ్ళ మీద మోకాళ్ళూని, మా వాళ్ళు నీళ్ళలోంచి ఎత్తి తెచ్చి బోర్లించిన కెనూ పొట్టను అరచేత్తో తడుముతున్నాను. తేలికపాటి పడవ. ఒక మనిషి నెత్తిన పెట్టుకుని అడవిలో మైలు దూరం నడవగలడు. అంత తేలిక కాబట్టే గుడ్డు పెంకంత సున్నితం.

పడవ మారిట్ సోల్బెర్గ్‌ది. మా ఊళ్ళో క్లెమ్ డ్యుబే పడవల దుకాణంలో పనిచేస్తుంది. వచ్చినవాళ్ళకి ఏ సరస్సు మీదుగా వెళ్ళాలో, ఎక్కడ పడవ దిగి నడవాలో, ఏం వండుకోవాలో బల్ల మీద మ్యాపు పరిచి ప్రయాణం వేసి ఇవ్వడం ఆమె పని. సోమవారం పొద్దున తన ప్రయాణానికి తాను ఒంటరిగా బయల్దేరింది. శనివారం తిరిగి రావాలి. ఇవాళ గురువారం. పొద్దున్నే చేపలకి వెళ్ళిన క్లెమ్‌కి ఆమె పడవ ఇలా బోర్లా తేలుతూ కనిపించింది.

నేను ఆర్వో లహ్తీని, కౌంటీ షెరిఫ్ ఆఫీసులో డిటెక్టివ్‌ని. కాలిస్టా బ్రాండ్ట్‌ని రాష్ట్ర రాజధాని నుంచి పంపారు. నీళ్ళలో పోయినవాళ్ళ కేసుల్లో ఆమెకి మంచి పేరుంది. వచ్చిన గంటలోనే కేసు తన చేతిలోకి తీసుకుంది.

"మేడమ్, ఈ గీతలు చూడండి," అన్నాను.

"చూశాను. రాళ్ళకి రాసుకుంది. రాత్రంతా గాలి వీచింది కదా."

"పడవ క్లెమ్‌కి ఎలా కనిపించింది?"

"బోర్లా. ఎన్నిసార్లు అడుగుతారు?"

"బోర్లా తేలే పడవకి పొట్ట ఎక్కడుంటుంది?"

ఆమె వంగి పడవ వైపు చూసింది.

"పైనుంటుంది," అన్నాను. "ఆకాశం వైపు. మరి కిందున్న రాళ్ళు పొట్టని ఎలా గీరాయి? అంచులు చూడండి, ఒక్క గీత లేదు. గీతలన్నీ ముక్కు దగ్గర మొదలై తిన్నగా వెనక్కి పోయాయి. ఎవరో దీన్ని పొట్ట కిందికి ఉండగానే రాళ్ళ మీదకి ఈడ్చారు. తర్వాత బోర్లించి నీళ్ళలోకి తోశారు. గీతల్లో తెల్ల పొడి ఇంకా రాలుతోంది. కొత్తవి."

"ఆ ఈడ్చింది మారిట్ ఎందుకు కాకూడదు?"

నాకు నవ్వొచ్చింది. "మా ఊళ్ళో ఐదేళ్ళ పిల్లని అడగండి. ఒడ్డు ఇంకా దూరం ఉండగానే మోకాలి లోతు నీళ్ళలోకి దిగుతాం. మూటలు దించి, పడవని ఎత్తి, నెత్తిన పెట్టుకుని ఒడ్డెక్కుతాం. అందుకే మా బూట్లు ఎప్పుడూ తడే. పడవని రాళ్ళ మీద ఈడ్చేవాడితో ఇక్కడ ఎవరూ కలిసి ప్రయాణం చెయ్యరు. మారిట్ అయితే వాడితో మాట్లాడదు కూడా."

బ్రాండ్ట్ తన పొడి బూట్ల వైపు చూసుకుంది. "మరి సామానేది? మునిగిపోయి ఉండాలి."

"మునగదు. మూట లోపల ప్లాస్టిక్ సంచి వేసి మూతి బిగించి కడతాం. పడవ తిరగబడితే మూటలు బాతుల్లా తేలతాయి. ఒక్కటీ తేలలేదంటే, అవి ఇంకా ఆమె వీపు మీదే ఉన్నాయి. ఆమె ఇంకా నడుస్తోంది, మేడమ్."

అడవి వైపు చెయ్యి చూపించాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "నా దగ్గర ఉన్నది ఒక్క గజఈతగాళ్ళ జట్టు, ఒక్క విమానం. మీ గీతల కోసం వాళ్ళని అడవిలోకి పంపలేను. మీ వెండెల్ పొద్దున ఏం చెప్పాడో విన్నారుగా?"

వెండెల్ అడవి శాఖవారి నీటి విమానం నడుపుతాడు. మబ్బు కమ్మేలోపు కొంత దూరమే ఎగరగలిగాడు. ఆటర్ వాగు మీద బీవర్లు చెట్లు కొరికి కట్టిన కట్ట సోమవారం రాత్రి వానకి తెగిపోయిందనీ, వాగులో నీళ్ళు లేవు, పొడవునా నల్ల బురదేననీ రేడియోలో చెప్పాడు. ఆ మాట విన్నది మేమిద్దరమే. మారిట్ లోపలికి వెళ్ళింది ఆ వాగులోంచే. ఆటర్ వైపు అడవిలోకి వెళ్ళడానికి ఈ వారం పర్మిట్ ఉన్నదీ ఆమె ఒక్కదానికే.

"వెనక్కి వచ్చే దారి పోయాక ఇక్కడ పడవెలా తేలింది?" అన్నాను.

"దారి ఉండగానే తిరిగొచ్చింది కాబట్టి. సోమవారమే వెనక్కి తిరిగి, ఇక్కడే మునిగింది. నేను మధ్యాహ్నం వార్తల్లో చెప్పేశాను కూడా."

"ఏమని?"

"మునిగి చనిపోయినట్టు భావిస్తున్నామని."

నేను లేచి నిలబడ్డాను. "వాళ్ళమ్మకి చెప్పారా?"

ఆమె మొహంలో రంగు మారింది.

* * *

మారిట్ తల్లి రాగ్నా వంటింట్లో రేడియో కట్టేసి ఉంది. ఆవిడ డెబ్బై దాటిన మనిషి. మమ్మల్ని చూసి లేవలేదు, ఏడవలేదు.

"విన్నాను," అంది. "ఆర్వో, నాయనా, ఈవిడేనా నా పిల్లని చంపేసింది?"

బ్రాండ్ట్ గుమ్మంలోనే ఆగిపోయింది. సరస్సు గాలికి ఆమె పెదాలు నీలం తిరిగి ఉన్నాయి. రాగ్నా ఒక్క క్షణం ఆమెని ఎగాదిగా చూసి, లేచి, కాఫీ వేడిచేసి కప్పు ఆమె చేతుల్లో పెట్టింది. "ముందు తాగు. వణుకుతూ మాట్లాడితే నాకు అర్థం కాదు." బ్రాండ్ట్ రెండు చేతులతో ఆ కప్పుని పట్టుకున్న తీరు నేను మరిచిపోలేను.

బల్ల మీద మారిట్ బయల్దేరిన నాటి సందడి అలాగే ఉంది. ఎండబెట్టిన ఆపిల్ చక్రాలు, పుట్టగొడుగుల పొడి, అడవి బియ్యం గింజలు నాలుగు. మూటలో పట్టక వదిలేసిన రెండో స్వెటరు.

"ఎలా వేసుకుంది ప్రయాణం?" అని అడిగాను.

"నెల రోజులు ఇదే గోల కదా ఇంట్లో!" రాగ్నా గొంతులోకి ప్రాణం వచ్చింది. "ఆటర్ వాగులోంచి హెరన్ సరస్సుకి. అక్కడ పడవని పొదల్లో దాచి, రెండు రాత్రులు గట్టు మీద కాలిబాటన నడక. గట్టు చివర కొండ మీంచి చూస్తే సరస్సులన్నీ ఒక్కసారే కనిపిస్తాయంట. ఇవాళ సాయంత్రానికి మళ్ళీ పడవ దగ్గరికి దిగుతుంది. మూట ఎత్తి చూసి, 'అమ్మా, రొట్టెలు తగ్గించు, నడుం పోతుంది' అంది. నేను తగ్గించినట్టే తగ్గించి కింద పెట్టాను."

"పెట్టి మంచి పని చేశావు రాగ్నమ్మా. క్లెమ్ ఏమన్నాడు ఈ ప్రయాణానికి?"

"వాడా? హెరన్ వద్దు, దోమలు, ఇంకో సరస్సుకి పో అని ఎన్నిసార్లు చెప్పాడో. దోమలంట! ఆగస్టు చివర్లో దోమలేంటి?"

నేనూ బ్రాండ్టూ మొహాలు చూసుకున్నాం. మెట్లు దిగుతూ ఆమె నెమ్మదిగా అంది. "ఒక్క గంట ఇస్తున్నాను. ఏం చేస్తారు?"

"ఇద్దరం హెరన్‌కి ప్రయాణం వేసుకుందాం. క్లెమ్ బల్ల మీద."

"నేనా? పడవలోనా?"

"మీరేం మాట్లాడక్కర్లేదు. నేను ఎంత తెలివితక్కువగా ప్రయాణం వేస్తున్నానో చూస్తూ ఉండండి. అది చూసి తట్టుకోలేని మనిషి ఒకడున్నాడు."

* * *

దుకాణం వెనక తాడు మీద ఒక ప్యాంటు ఆరుతోంది. నడుం దాకా నల్ల బురద. ఉతికినా పోలేదు. కెటిల్ సరస్సు అడుగంతా ఇసకా రాళ్ళూ. నేను ఆగకుండా నడిచాను.

క్లెమ్ నా చిన్ననాటి స్నేహితుడు. నా భార్య ఇల్మా చనిపోయిన చలికాలం, చెప్పకుండానే వచ్చి నా వాకిట్లో మంచు తవ్వి వెళ్ళేవాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గడ్డం గీసుకోలేదు.

"దొరికిందా?" అన్నాడు.

"లేదురా. పొద్దున జరిగింది ఇంకోసారి చెప్పు, మేడమ్ వినాలంట."

"చెప్పడానికేముంది? వెలుగు రాగానే చేపలకి వెళ్ళా. పడవ బోర్లా కనిపించింది. ఒడ్డుకి తెచ్చి నీకు ఫోన్ చేశా."

"నువ్వు దాన్ని రాళ్ళ మీదకి ఈడ్చావా?"

"లేదు లేదు. తాకితే ఒట్టు. నీళ్ళలోనే తాడుతో కట్టి వదిలేశా."

"అంతకుముందు లోపలికెళ్ళి ఆమెని ఎక్కడైనా చూశావా?"

"ఈ మోకాలితోనా? ఈ వేసవిలో కెటిల్ దాటలేదురా. నీకు తెలీదా?"

"తెలుసు. అందుకే నిన్ను రమ్మనట్లేదు. మేమిద్దరం వెళ్తున్నాం, హెరన్‌కి. దారి వేసుకుని పోతాం."

క్లెమ్ చేతిలో ఉన్న గుడ్డ ఆగింది. "ఇప్పుడా? వానొస్తుంది."

"వస్తే తడుస్తాం," అని జేబులోంచి ఎర్ర ఊలు ఉండ తీశాను. ఇల్మాది. మ్యాపు మీద దారి పొడవునా దారం పరిచి, తర్వాత తీసి కొలిచేది. ఇరవై ఏళ్ళు అలాగే ప్రయాణాలు వేసుకున్నాం. బల్ల మీద మ్యాపు పరిచి దారం కొసని కెటిల్ ఒడ్డున పెట్టాను.

"పెద్ద అల్యూమినియం పడవ తీసుకుందాం మేడమ్. గట్టిగా ఉంటుంది."

క్లెమ్ గొంతు సవరించుకున్నాడు.

"సరస్సు నట్టనడుమ నుంచి తిన్నగా కొడదాం. దగ్గర."

"పడమటి గాలిలోనా?" అన్నాడు క్లెమ్ ఆపుకోలేక. "ఉత్తరపు ఒడ్డు పట్టుకుని పోవాలిరా. ఇల్మా ఉంటే నెత్తిన మొట్టేది."

"ఓహో, సరే." దారాన్ని ఒడ్డు వెంట జరిపాను. "తిండికి డబ్బాలు పట్టుకెళ్తాం. బీన్స్, సూపు."

"డబ్బాలు అడవిలోకి రానివ్వరు! మేడమ్ పక్కన కూర్చుని నేరం చేస్తావా?" ఈసారి నవ్వాడు కూడా. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "రెండు రొట్టెలు, ఒక సాసేజి, చాలు. తేలిక పడవ ఇస్తాను, పసుపుది. అల్యూమినియం మోస్తే నీ నడుం రేపటికి ఉండదు. మేడమ్, మీరు ముందు కూర్చోండి, వీడు వెనక. వీడికి తిప్పడం వచ్చు, బుర్రే లేదు."

కళ్ళు మెరుస్తున్నాయి. వేళ్ళు మ్యాపు మీద పరుగెడుతున్నాయి. మా ఊరివాళ్ళం అంతే. ఎదుటివాడు తప్పు దారి గీస్తుంటే మా చెయ్యి జేబులో ఉండదు. చూస్తుంటే నాకే ఉత్సాహం వచ్చి, ఎందుకొచ్చానో ఒక్క క్షణం మరిచిపోయాను.

"సరే, ఇక్కడ్నించి సులువే," అంటూ దారాన్ని ఆటర్ వాగు మెలికల వెంట నెమ్మదిగా పరిచాను. "వాగులోంచి హాయిగా తేలుతూ పోతాం. పడవ దిగక్కర్లేదు, నెత్తిన మోత లేదు. చీకటి పడేలోపు హెరన్."

"తేలుతూనా?" క్లెమ్ దారాన్ని వేలితో ఎత్తి పక్కకి లాగేశాడు. "వాగులో నీళ్ళెక్కడివిరా? కట్ట తెగిపోయింది. నడుం దాకా బురద, అడుగు తీసి అడుగు వెయ్యలేరు. ఇదిగో, ఇటు, రాళ్ళ మోతదారిన పొండి. పడవ నెత్తిన పెట్టుకుని గట్టు దాటారంటే రెండు గంటల్లో..."

దారం అతని వేలి మీదే వేలాడుతోంది.

"కట్ట ఎప్పుడు తెగింది, డ్యుబే?" అంది బ్రాండ్ట్. చాలా మెత్తగా అడిగింది.

"ఎవరో... చెప్పుకుంటుంటే..."

"ఎవరు? ఈ వారం ఆటర్ పర్మిట్ ఒక్క మారిట్‌కే ఉంది. విమానం నుంచి చూసినతను మా ఇద్దరికే చెప్పాడు. మీరు కెటిల్ దాటలేదు. మరి ఆ బురద నడుం దాకా వస్తుందని మీకు చెప్పిందెవరు? తాడు మీద ఆరుతున్న ప్యాంటా?"

ఆ ప్యాంటు ఆమె కూడా చూసిందన్నమాట. ఆ క్షణాన ఆమె మీద గౌరవం కలిగింది నాకు.

క్లెమ్ దారాన్ని జాగ్రత్తగా, ముడి పడకుండా, మ్యాపు మీద పెట్టాడు.

"ఈడ్చావు కదరా," అన్నాను. "మోకాలు బాగుంటే ఎత్తేవాడివి. నువ్వు పడవని ఈడుస్తావని నేను అనుకోలేదు."

అతని మొహం ముడుచుకుపోయింది. అంతకంటే పెద్ద నేరాలు ఆ గదిలో చాలా ఉన్నాయి. కానీ తలదించుకున్నది ఆ మాటకే.

"ఆమెని నేనేం చెయ్యలేదు ఆర్వో. కంటితో కూడా చూడలేదు. నమ్ము."

"చెప్పు."

"ముగ్గురిని హెరన్‌కి తీసుకెళ్ళా, ఆదివారం. పర్మిట్ లేదు. మూస్ దుప్పి కొమ్ములు కావాలన్నారు."

"వేట నిషేధం ఉండగా?"

"మోకాలు పోయాక పెద్ద ప్రయాణాలకి నన్నెవరు పిలుస్తున్నారు? ఎవరో ఒకరు నువ్వే రావాలి అంటే..." మోకాలు రుద్దుకున్నాడు. "నిన్న తిండి ఇవ్వడానికి వెళ్ళా. అప్పటికే ఒకదాన్ని కొట్టేశారు. పొదల్లో మారిట్ పడవ దొరికిందని చూపించారు. ఆమె గట్టు మీద నడుస్తోంది, తుపాకీ చప్పుడు వినే ఉంటుంది. వాళ్ళు భయపడ్డారు. నేనూ భయపడ్డా. పడవ కెటిల్‌లో దొరికితే వెతుకులాటంతా ఇక్కడే ఉంటుందని, ఈలోగా వాళ్ళని రాళ్ళ దారిన బయటికి పంపేద్దామని... బురదలో ఆ పడవని లాక్కొచ్చేసరికి తెల్లారింది. రేపు నేనే వెళ్ళి ఆమెని తెద్దామనుకున్నా, ఒట్టు."

"వాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారా?"

"రేపటి దాకా."

"వాళ్ళకి ఏం చెప్పి వచ్చావు?" అంది బ్రాండ్ట్.

"కదలొద్దన్నా. ఊళ్ళో ఏం అనుకుంటున్నారో వార్తల్లో తెలుస్తుంది, వినండి అన్నా. చిన్న రేడియో ఉంది వాళ్ళ దగ్గర."

బ్రాండ్ట్ బల్ల అంచు పట్టుకుంది.

"మధ్యాహ్నం వార్తలు," అంది. "నేను... ఆమె చనిపోయిందని నేనే చెప్పాను." తర్వాతి మాట ఆమె నోటి నుంచి చాలా నెమ్మదిగా వచ్చింది. "చనిపోయిన మనిషికి ఏం జరిగినా అడిగేవాళ్ళు ఉండరు."

ఆ ముగ్గురికీ ఇప్పుడు ఆ సంగతి తెలుసు. మారిట్‌కి తెలీదు. సాయంత్రానికి కొండ దిగి, పడవ దాచిన పొదల్లోకి, తిన్నగా వాళ్ళ గుడారాల దగ్గరికి నడిచి వస్తుంది.

* * *

క్లెమ్‌ని మా ఆఫీసు వాళ్ళు తీసుకెళ్ళేలోపు పసుపు పడవ తనే దించి ఇచ్చాడు, ఎత్తి, కుంటుతూ. "రాళ్ళ మోతదారిలో రెండో మలుపు దగ్గర ఎడమకి పొండి," అన్నాడు. "కుడివైపు జారుతుంది." అది మటుకు నమ్మాను.

మా వాళ్ళు మరో రెండు పడవలు సిద్ధం చేస్తున్నారు. ఆగడానికి టైము లేదు. కెటిల్ ఒడ్డున నేను పడవని నీళ్ళలో నిలబెట్టేసరికి, బ్రాండ్ట్ నగరంలో కొన్న ఆ తోలు బూట్లతోనే మోకాలి లోతు నీళ్ళలోకి దిగి వచ్చింది. రాయి మీద కాలు పెట్టి ఎక్కే వీలుంది. అటు చూడను కూడా చూడలేదు.

"ఎటువైపు కొట్టాలి?"

"కుడివైపు. నేను హట్ అన్నప్పుడల్లా తెడ్డు రెండో వైపుకి మార్చండి."

ఉత్తరపు ఒడ్డు వెంట సాగాం. ఆమెకి పద్ధతి తెలీదు, బలం ఉంది. సగం దూరం పోయేసరికి ఇద్దరి తెడ్లూ ఒక్కసారి పడడం మొదలైంది. పడమర మబ్బు ఒకచోట చీలి, కొంచెం వెలుగు నీళ్ళ మీదకి దిగింది. దాని వెనకే విమానం మోత వినిపించింది. మారిట్‌ని వెతకమని మాత్రమే కబురందిన వెండెల్ ఆ చీలికలోంచి హెరన్ వైపు దూసుకుపోయాడు.

నా ఛాతీ మీది రేడియో గరగరలాడింది.

"ఆర్వో! కనిపించింది! హెరన్ ఒడ్డున, రాళ్ళ మీద, ఎర్ర మూటతో. బతికే ఉందయ్యా! చెయ్యి ఊపుతోంది!"

బ్రాండ్ట్ తెడ్డు గాల్లో ఆగిపోయింది. ఆమె భుజాలు కదలడం చూశాను. నవ్వుతోందో ఏడుస్తోందో వెనక నుంచి తెలియలేదు. నాకు మాత్రం రాగ్నా మూట అడుగున దాచిన రొట్టెలు గుర్తొచ్చాయి.

"అబ్బా, మీరు భలే తొందరగా చేరారే," అంటున్నాడు వెండెల్. "ముగ్గురు చెట్లలోంచి ఆమె వైపు దిగుతున్నారు. మీవాళ్ళేగా?"

బ్రాండ్ట్ వెనక్కి తిరిగింది. మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"కాదు వెండెల్," అన్నాను రేడియోలో. "మావాళ్ళు కాదు. తుపాకులున్నాయి. అక్కడ దిగగలవా?"

"హెరన్‌లోనా? దిగితే మళ్ళీ లేవలేను. అంత చిన్న సరస్సు."

"దిగొద్దు. వాళ్ళ తలల మీదుగా తిరుగు. ఎంత కిందికి రాగలవో అంత కిందికి. ఆమె బతికుందని చూసినవాళ్ళు ఉన్నారని వాళ్ళకి తెలియాలి. తెలుస్తూనే ఉండాలి."

"అలాగే. కానీ ఆర్వో, నా దగ్గర గంటకే ఇంధనం ఉంది."

క్లెమ్ చెప్పిన దారి రెండు గంటలు. అదీ అలవాటున్నవాళ్ళకి.

ఎదురుగా రాళ్ళ మోతదారి మొదలయ్యే చోటు ఇంకా బూడిదరంగు గీతలాగే ఉంది. నేను ఏమీ చెప్పకముందే బ్రాండ్ట్ ముందుకి తిరిగి, వంగి, తెడ్డుని నీళ్ళలోకి దింపింది. ఇందాకటి కంటే రెట్టింపు వేగం.

"చెప్పండి," అంది పంటి బిగువున.

"హట్!"